పక్క టేబుల్ దగ్గర ఆగిపోయిన కథ

హైదరాబాద్ నుంచి తిరిగి వచ్చానని తెలియగానే మా వీధిలో అందరూ ఒకటే అడిగారు. "ఫిల్మ్‌నగర్‌లో ఉన్నావంట కదా, ఎవరెవర్ని చూశావు?" ఒక్క హీరోని కూడా చూడలేదంటే నా మీద జాలిపడ్డారు. నల్ల అద్దాల కార్లు చూశాను, ఎత్తయిన గోడలు చూశాను, ఆ గోడల మీంచి బయటికి వాలిన కాగితప్పూలు చూశాను. అంతే. అయితే అక్కడ నేను విన్నది చెప్పడం మొదలుపెట్టాక, జాలిపడ్డవాళ్ళే పొయ్యి మీద కూర సంగతి మర్చిపోయి మా అరుగు మీద కూర్చుండిపోయారు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది నరసాపురం. లేసు అల్లించే కేంద్రంలో చాలా ఏళ్ళు పనిచేశాను. ఆడవాళ్ళు వరసగా కూర్చుని సూదులు ఆడిస్తూ కబుర్లు చెప్పుకుంటూ ఉంటే, వాళ్ళ మధ్య తిరుగుతూ అల్లిక సరిచూడటం నా పని. కళ్ళకి పని ఉండేది గానీ చెవులు ఖాళీగా ఉండేవి. అలా పరాయివాళ్ళ మాటలు వినడం మొదట అలవాటైంది, తర్వాత ఇష్టమైంది. చర్చిలో పాస్టరుగారి ప్రసంగం కంటే వెనక బెంచీ గుసగుసలే నాకు బాగా వినిపిస్తాయని మా ఆయన బతికున్నన్నాళ్ళూ విసుక్కునేవారు.

మా చెల్లెలు విమల బంజారా హిల్స్‌లో ఒక ఆసుపత్రిలో హెడ్ నర్సు. ఫిల్మ్‌నగర్‌లో అద్దెకి ఉంటుంది. నా మోకాళ్ళు చూపిస్తానని పిలిచింది. చూపించడం ఒక్క పూటలో అయిపోయింది. మిగిలిన రోజులు నేనేం చెయ్యాలి? "కాఫీ షాపులో కూర్చో అక్కా. చల్లగా ఉంటుంది, ఎవరూ లేవమనరు. డ్యూటీ అయ్యాక వచ్చి తీసుకెళ్తా," అంది.

నాకు అంతకంటే ఏం కావాలి!

జూబ్లీ హిల్స్, బండ పక్కన

ఆ కాఫీ షాపు ఒక పెద్ద బండని ఆనుకుని ఉంది. ఆ కొండల్లో ఒకప్పుడు అన్నీ బండలేనట. వీళ్ళు మాత్రం దీన్ని పగలగొట్టకుండా ఉంచేసి దాని చుట్టూ అద్దాలు కట్టారు. లోపలికి వెళ్ళబోయి లాగాల్సిన తలుపుని నెట్టాను. కాసేపు నెడుతూనే ఉన్నాను. లోపలున్న అమ్మాయి వచ్చి తీసింది.

"ఏ పాలతో కావాలి మేడం? బాదం పాలున్నాయి, ఓట్స్ పాలున్నాయి," అంది.

"గేదె పాలు లేవామ్మా?"

ఆ పిల్ల నవ్వాపుకుని "రెగ్యులర్" అని రాసుకుంది. నా పేరడిగితే సుగుణ అని చెప్పాను. కప్పు మీద "షగున్" అని రాసిచ్చింది. ఆ కప్పు కాఫీ ధరకి మా ఊళ్ళో ఇంటిల్లిపాదికీ చేపల కూర అవుతుంది. అందుకని గుక్కకీ గుక్కకీ మధ్య చాలాసేపు ఆగుతూ తాగాను.

మా వైపు కాఫీ హోటల్లో కొత్త మనిషి వచ్చి పక్క టేబుల్ దగ్గర కూర్చుంటే మాటలు తగ్గిపోతాయి. కాసేపటికి ఎవరో ఒకరు "ఎవరి తాలూకా అండీ?" అని అడిగేస్తారు. ఆ తర్వాత మనమూ ఆ కబుర్లలో కలిసిపోతాం. ఇక్కడ అలా కాదు. పక్కన నేను కూర్చున్నట్టు వాళ్ళకి తెలుసు, కానీ నాకు చెవులున్నాయని తట్టదు. పెళ్ళి వద్దనుకున్న సంగతి, అన్నదమ్ముల తగాదా, డాక్టరు చెప్పిన రోగం పేరు, అన్నీ గట్టిగానే మాట్లాడుకుంటున్నారు. నా కుర్చీలో నేను కదలకుండా కూర్చున్నా, ఎన్ని ఇళ్ళ నట్టింట్లోకి వెళ్ళొచ్చానో!

ఒకసారి మాత్రం కాఫీ ఒలకబోసుకున్నాను. వెనక నుంచి ఎవరో ప్రశాంతంగా, "శుక్రవారంలోపు ముసలాణ్ణి చంపెయ్యాలి సార్. ఇంకో వారం బతికిస్తే మనం తట్టుకోలేం," అన్నారు. తర్వాత తెలిసింది, ఆ ముసలాయన వేషం వేసే నటుడి డేట్లు శుక్రవారంతో అయిపోతున్నాయట.

చీర తుడుచుకుంటూ ఉండగా ఎడమవైపు టేబుల్ దగ్గరికి ఇద్దరు వచ్చారు. ఒకాయన తెల్లచొక్కా, రెండు ఫోన్లు, నాలుగు ఉంగరాలు. మాటని బట్టి మా వైపు మనిషి. నిర్మాత అని తర్వాత తెలిసింది. రెండో ఆయన సన్నగా ఉన్నాడు, నలభై దాటి ఉంటాయి, చెవుల పక్కన జుట్టు నెరిసింది. ఇస్త్రీ చొక్కా నలగకుండా కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మొదలుపెట్టు యాదగిరీ. త్వరగా చెప్పెయ్యి, అవతల మీటింగుంది," అన్నాడు తెల్లచొక్కా ఆయన.

"జర ఫోన్లు పక్కకు పెడ్తే సాలు సార్. మంచిగ చెప్త."

అప్పుడు అర్థమైంది, సినిమా కథ చెప్పబోతున్నాడని. కథ రాసి ఇస్తారనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇలా టేబుల్ అవతల కూర్చుని, ఉట్టి నోటితో, చేతులతో సినిమా మొత్తం చూపిస్తారని నాకు తెలియదు.

"ఒక గుట్ట సార్. గుట్ట కింద ఊరు. ఆ గుట్టకు మందు పెట్టి పేల్చేటోడు మల్లయ్య. పేల్చే ముందల మూడుసార్లు కేకేస్తడు. ఓ... జరుగుండ్రో..."

కాఫీ షాపు కదా, ఆ కేక గొంతు తగ్గించి వేశాడు. అయినా నాకది కొండ మీంచి పడ్డట్టే వినిపించింది.

"గంతే సార్. ఊరు ఊరంతా ఎక్కడోళ్ళక్కడ కూసుంటది. నీళ్ళు తెచ్చే ఆమె బిందె దించుతది. బడిల పంతులు చాక్‌పీస్ ఆపుతడు. మేకలు గూడ కదలయి."

ఏళ్ళ తరబడి ఆ పేలుళ్ళ పక్కనే నిలబడి మల్లయ్యకి చెవులు పోయాయి. ఆ సంగతి బయటపడితే పని పోతుంది. అందుకని దాచాడు. ఒక్క పెళ్ళాం లచ్చవ్వకే తెలుసు. ఆమె రోజూ ఎదురు బండ మీదికెక్కి, గుట్ట చుట్టూ ఎవరూ లేరని చూసుకుని ఎర్రగుడ్డ ఊపుతుంది. ఆయన ఆ గుడ్డ చూసి వత్తి అంటిస్తాడు. ఊరికి మల్లయ్య గొంతు ఎలాగో, మల్లయ్యకి ఆ గుడ్డ అలాగ.

ఒకరోజు మొగుడూ పెళ్ళాలకి మాటా మాటా వచ్చింది. రేపటి నుంచి గుడ్డ ఊపనంది లచ్చవ్వ. మర్నాడు మల్లయ్య గుట్టెక్కి కేకేశాడు. ఊరు కూర్చుంది. ఎదురు బండ మీద ఎర్రగుడ్డ లేచింది. అలక తీరిందనుకుని నవ్వుకుంటూ వత్తి అంటించాడు.

"వత్తి సుర్రుమని పోతున్నది సార్. మల్లయ్య ఉరికి సాటుకొచ్చిండు. ఎనక్కి తిరిగి చూస్తే, గుట్ట కింద అడ్డతోవల లచ్చవ్వ వస్తున్నది. నెత్తి మీద సద్ది గంప. మల్లయ్య తలెత్తి మీద చూసిండు. ఎర్రగుడ్డ ఇంకా ఊగుతనే ఉన్నది." యాదగిరి గొంతు ఇంకా తగ్గించాడు. "లచ్చవ్వ ఈడున్నది. మరి గాడ గుడ్డ ఊపుతున్నది ఎవలు సార్? ఇంటర్వెల్."

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"బాగుంది బాగుంది," అంటూ తెల్లచొక్కా ఆయన లేచాడు. "మిగతాది తర్వాత విందాం. కానీ హీరోకి చెవుడేంటయ్యా? ఎవడు చేస్తాడు?"

ఆయన వెళ్ళిపోయాడు. యాదగిరి చల్లారిన కాఫీని మంచినీళ్ళలా ఒక్క గుక్కలో తాగి, ఎవరివైపూ చూడకుండా బయటికి నడిచాడు. అదే మా ఊరైతే చెయ్యి పట్టుకుని ఆపేదాన్ని. ఇక్కడ నోరు రాలేదు. సాయంత్రం కారులో విమలకి చెప్తే, "దెయ్యం అయ్యుంటుందిలే," అని తేల్చేసింది.

ఫిల్మ్‌నగర్, చాయ్ దగ్గర

మర్నాడు విమలకి సెలవు. పొద్దున్నే ఇంటి దగ్గర ఇరానీ చాయ్ హోటలుకి తీసుకెళ్ళింది. చిక్కటి చాయ్, ఉప్పూ తీపీ కలిసిన ఉస్మానియా బిస్కెట్లు. మా వైపు బిస్కెట్టు టీలో ముంచితే చిన్నపిల్లల పని అంటారు. ఇక్కడ మీసాల మగవాళ్ళు కూడా ముంచుకుని, విరిగి పడేలోపు నోట్లో వేసుకుంటున్నారు. నాది విరిగి పడింది.

పెద్దిళ్ళ డ్రైవర్లందరూ అక్కడే చేరతారు. యజమానులు బయట చెప్పని సంగతులన్నీ ఆ గ్లాసుల మధ్య తిరుగుతున్నాయి.

"మా సార్ నిన్న కార్ల ఏడ్చిండు భాయ్," అన్నాడు ఒకతను. "సినిమా పోయింది గదా. ఇంటి గేటు కాడికి రాంగనే కళ్ళు తుడ్సుకుండు. మేడం ముందల నవ్వుకుంట దిగిండు."

"నువ్వేమన్నవ్?"

"నేనేమంట? అద్దం జర పక్కకు తిప్పిన. నేను చూస్తున్నట్టు ఆయనకు కనబడొద్దు గదా."

చాయ్ గ్లాసు పట్టుకుని అలా ఉండిపోయాను. ఆ ఎత్తయిన గోడల వెనక ఎవరుంటారో చూడాలని జనం గేట్ల దగ్గర నిలబడతారు. ఈ డ్రైవరు తన కళ్ళెదుట ఉన్నదాన్ని చూడకుండా అద్దం తిప్పేశాడు.

"ఏంటక్కా అలా అయిపోయావు?" అంది విమల. ఏమీ లేదన్నాను. నిజానికి నాకు మల్లయ్య గుర్తొచ్చాడు. ఆ వత్తి ఇంకా కాలుతూనే ఉంది కదా!

మళ్ళీ బండ పక్కకి

తర్వాతి రోజు అదే కుర్చీలో కూర్చున్నాను. మధ్యాహ్నానికి యాదగిరి వచ్చాడు. ఈసారి ఎదురుగా ఉన్నది ఒక కుర్రహీరో మేనేజరట, మెడలో హెడ్‌ఫోన్లు, ముందు లాప్‌టాప్.

యాదగిరి మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. ఒక గుట్ట సార్, గుట్ట కింద ఊరు. ఆ కేక మళ్ళీ వినగానే నా వెన్ను నిటారుగా అయింది. కానీ ఈసారి మల్లయ్య వయసు తగ్గింది. మధ్యలో ఒక ఫైట్ వచ్చింది. జాతరలో పాట కూడా వచ్చింది. అవి చెప్పేటప్పుడు యాదగిరి చేతులు టేబుల్ మీద నుంచి లేవలేదు. మొగుడూ పెళ్ళాల పోట్లాట దగ్గరికి రాగానే మళ్ళీ లేచాయి.

"ఆమె అంటది సార్, నీకు నా మాట ఇనబడక ఎన్నేండ్లయింది, గుడ్డ ఒక్కటే కనబడుతున్నది. నేను సచ్చిపోయినా ఆ గుడ్డ కట్టెకు కట్టి పెడ్తే నీకు సాలు. ఆమె తిట్టేది మల్లయ్యకు ఇనబడదు. పెదవులు చూస్తడు. గుడ్డ అన్న మాట ఒక్కటే అర్థమయితది. రేపు గూడ ఊపుతనని అంటున్నదేమో అనుకుంటడు."

అబ్బ! కేంద్రంలో అన్నేళ్ళు అన్ని సంసారాల గొడవలు విన్నాను. ఇంత చిన్న మాటలో ఇంత పెద్ద సంసారాన్ని ఇరికించినవాణ్ణి చూడలేదు.

మేనేజరు టైపు చేస్తూనే విన్నాడు. ఇంటర్వెల్ అనగానే తలెత్తాడు. "బ్రో, ఇంటర్వెల్ బ్లాక్ సూపర్. కానీ వైఫ్ చనిపోవాలి. రివెంజ్ లేకపోతే సెకండాఫ్‌లో ఏముంటది? క్వారీ ఓనర్‌ని విలన్ చేసెయ్."

"సస్తది సార్. అట్లనే రాసిన."

"గుడ్. అయితే స్క్రిప్ట్ మెయిల్ చెయ్, చూస్తా."

"ఇంకా చివర చెప్పలే సార్."

"అర్థమైపోయింది బ్రో."

లచ్చవ్వ చచ్చిపోతుందట! కానీ "అట్లనే రాసిన" అన్న ఆ మాట ఉంది చూశారూ, అందులో ఏదో తేడా ఉంది. అల్లిక చెడిపోయిందని తెలిసీ "బాగానే ఉందిలెండి" అంటూ చేతికిచ్చే మా ఆడవాళ్ళ గొంతు అలాగే ఉంటుంది. పైగా ఆ గుడ్డ ఊపింది ఎవరో ఇంకా తెలియలేదు.

టోలిచౌకి, తెలియని భాషలో

మధ్యలో ఒక సాయంత్రం విమల టోలిచౌకి తీసుకెళ్ళింది. జూబ్లీ హిల్స్‌లో రోడ్డు మీద మనుషులు కనిపించరు, కార్లే కనిపిస్తాయి. ఇక్కడ మనుషుల్ని తప్పించుకుంటూ కార్లు పోతున్నాయి. బొగ్గుల మీద కబాబులు కాలుతున్న పొగ, అత్తరు షాపుల వాసన, ఒకదాని మీద ఒకటి పడే పిలుపులు. బిర్యానీ మా కోడి పలావు కంటే తక్కువ కారంగా ఉంది. తినగా తినగా దాని మసాలా గొంతులో నెమ్మదిగా తెలిసింది.

పక్క టేబుల్ దగ్గర నల్ల బురఖాల్లో ఇద్దరు ముసలమ్మలు కూర్చున్నారు. అక్కచెల్లెళ్ళే అయ్యుంటారు. ఒకావిడ ఉర్దూలో ఏదో చెప్తోంది, రెండో ఆవిడ వద్దు వద్దన్నట్టు చెయ్యి ఊపుతూ నవ్వుతోంది. నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళు తుడుచుకుంది. నాకొక్క ముక్క అర్థం కాలేదు. అయినా నేనూ నవ్వేశాను. వాళ్ళు నన్ను చూశారు. ఎందుకు నవ్వుతున్నావని అడగలేదు. చెప్తున్నావిడ నా వైపు కూడా కొంచెం తిరిగి కూర్చుని, మళ్ళీ అందుకుంది.

దొరికిపోయిన రోజు

చివరి రోజు నేను వెళ్ళేసరికే యాదగిరి వచ్చి ఉన్నాడు. ఒక్కడే. మాటిమాటికీ అద్దంలోంచి రోడ్డు వైపు చూస్తున్నాడు. చాలాసేపటికి ఫోను వచ్చింది. "పర్లేదు సార్. ఇంకోసారి కలుస్త," అని పెట్టేశాడు. రావాల్సిన మనిషి రాడని అర్థమైంది.

ఇక లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. లేచాడు, కానీ తిన్నగా నా దగ్గరికి వచ్చాడు.

"మేడం, ఎవరు పంపిన్రు మిమ్మల్ని?"

నేను కప్పు కింద పెట్టేశాను.

"మొదటిసారి వచ్చిననాడు మీరున్నరు. రెండోసారి గూడ ఉన్నరు. ఇయ్యాల గూడ ఉన్నరు. నేను మాట్లాడుతుంటే మీ కాఫీ సల్లారిపోతున్నది. నేను చూస్తలేననుకున్నరా? ఏ సినిమా ఆఫీసోళ్ళు మేడం? నా కథ ఎవలకు చేరేస్తున్నరు?"

గొంతు పెద్దది చెయ్యలేదు. పెద్దది చేసినా బాగుండేది. ఆ కళ్ళలో భయం చూశాను. అక్కడ కథలు చెవుల్లోంచి చెవుల్లోకి పారిపోతాయని, చెప్పినవాడు ఉత్తచేతులతో మిగిలిపోతాడని తర్వాత ఆయనే చెప్పాడు. అప్పటికి నాకది తెలియదు. సిగ్గుతో ముఖం కాలిపోయింది.

"నన్నెవరూ పంపలేదండీ. మాది నరసాపురం. మా చెల్లెలు వచ్చేదాకా ఇక్కడ కూర్చుంటున్నాను. చెవిన పడింది... పడ్డాక ఇంక ఉండలేకపోయానండీ. ఆ గుడ్డ ఎవరు ఊపారో తెలీక నాకు అన్నం సయించట్లేదు."

ఆయన నమ్మలేదు. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. "ఏం విన్నరో చెప్పుండ్రి."

చెప్పాను. గుట్ట దగ్గర మొదలుపెట్టాను. బిందె దించిన ఆవిడ, చాక్‌పీస్ ఆపిన పంతులు, కదలని మేకలు. ఆయన మొదటిరోజు చెప్పి రెండోసారి వదిలేసినవి కూడా చెప్పాను. ఫైటూ పాటా మాత్రం చెప్పలేదు. అవి నాకు నిజంగానే గుర్తులేవు. లచ్చవ్వ తిట్టిన మాట ఒక్క పొల్లు పోకుండా చెప్పాను. "మరి గాడ గుడ్డ ఊపుతున్నది ఎవలు" అని ఆయన మాటతోనే ముగించాను.

యాదగిరి కుర్చీలో వెనక్కి వాలాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఏడేండ్ల సంది చెప్తున్న మేడం ఈ కథ. ఒక్కలు గూడ ఇంటర్వెల్ దాటనియ్యలే. చివర నేను నోటితోని ఎవలకు చెప్పనే లేదు."

"నాకు చెప్పండి," అన్నాను.

కప్పు పక్కకి జరిపాడు. రెండు చేతులూ టేబుల్ మీంచి లేపాడు.

"గుడ్డ ఊపుతున్నది వాళ్ళ బిడ్డ మేడం. చిన్న పిల్ల. అమ్మ బాపు మాట్లాడుకుంటలేరు. అమ్మ గుడ్డ ఊపనన్నది. బాపు పని ఆగిపోతదని, అమ్మ రోజు చేసే పని తాను చేసింది. కాని అమ్మ గుడ్డ ఊపుడే చూసింది ఆ పిల్ల. ఊపే ముందల నాలుగు దిక్కులు చూస్తదని పిల్లకెట్ల తెలుస్తది?"

నా చెయ్యి నోటి మీదికి పోయింది.

"లచ్చవ్వ మల్లయ్య కేక విన్నది. గుడ్డ లేనిది ఈయన వత్తి అంటియ్యడు గదా అని ధైర్యం. కోపం పోయింది. పాపం నా కోసం సూస్తుండు అనుకుంట, గుడ్డ ఊపుదామనే అడ్డతోవల జల్ది జల్ది వస్తున్నది. మల్లయ్య వత్తి దిక్కు చూసిండు. లచ్చవ్వ దిక్కు చూసిండు. మీద బండ మీద పిల్ల ఏదో ఒర్రుతున్నది. ఆయనకు ఇనబడదు. ఇగ అప్పుడు... బ్లాస్ట్. గుట్ట లేస్తది. లచ్చవ్వ..."

ఆగిపోయాడు. అద్దం అవతల బండ వైపు చూశాడు.

"ఆమెను సంపుడు నాకు ఎన్నడు ఇష్టం లేకుండె మేడం," అన్నాడు. మళ్ళీ ఆగాడు. ఉన్నట్టుండి ఆయన చేతులు గాలిలో ఏదో పట్టుకున్నట్టు బిగుసుకున్నాయి.

"మల్లయ్య ఉరికిండు. సాటుకు కాదు, వత్తి దిక్కు. ఉత్త చేతులతోని పట్టి గుంజిండు. చేతులు కాలినయి. వత్తి ఊడొచ్చింది." ఊపిరి తీసుకున్నాడు. "కింద ఊరంతా కూసునే ఉన్నది. కేక ఇనబడ్డది గదా, ఇగ చప్పుడు కావాలె. కాలే. నీళ్ళు తెచ్చే ఆమె బిందె కాడనే ఉన్నది. పంతులు చాక్‌పీస్ పట్టుకొనే ఉన్నడు. చప్పుడు లేదు. ఒక్కలొక్కలు లేచిన్రు. గుట్ట దిక్కు నడిచిన్రు. ఎవలు మాట్లాడుతలేరు. మీదికొచ్చి చూస్తే మల్లయ్య కాలిన చేతులు ఒళ్ళె పెట్టుకొని కూసున్నడు. పక్కకు లచ్చవ్వ. పిల్ల గుడ్డ పట్టుకొని నిలబడ్డది. ఎనక నుంచి మల్లయ్యా అని పిలిచిన్రు. తిరగలే. ఊరంతా కలిసి పిలిచిన్రు. తిరగలే. అప్పుడు తెలిసింది ఊరికి."

చివరి మాటలు దాదాపు గుసగుసగా అన్నాడు. "ఇన్నేండ్లు ఆయనకు ఎట్లున్నదో, ఆ పూట ఊరందరికి గట్లనే ఉన్నది మేడం. ఏం చప్పుడు లేదు."

అప్పుడు గమనించాను, కాఫీ షాపులో కూడా చప్పుడు లేదు. నాకు కప్పు మీద పేరు తప్పుగా రాసిచ్చిన అమ్మాయి పాల గిన్నె చేత్తో పట్టుకుని నిలబడి ఉంది, మిషను ఆన్ చెయ్యలేదు. వెనక టేబుల్ వాళ్ళు మాటలాపేశారు. కిటికీ దగ్గరున్న ఒకావిడ లాప్‌టాప్ మూసేసి మా వైపు తిరిగి కూర్చుంది. నా చెల్లెలు విమల కారు తాళాలు చేతిలో పట్టుకుని తలుపు దగ్గరే నిలబడిపోయింది, ఎప్పుడు వచ్చిందో తెలియదు. అంతమందీ విన్నారు! ఎవరో కుర్చీ జరిపారు, మళ్ళీ లోకం కదిలింది.

"ఇది మీరు రాసింది కాదు కదూ?" అన్నాను.

"కాదు మేడం. ఇప్పుడే వచ్చింది." ఆయన తన అరచేతులు తిప్పి చూసుకుంటున్నాడు, అవి తనవేనా అన్నట్టు.

"మల్లయ్య మీ నాన్నగారా?"

"కాదు. మా ఊర్ల గుట్ట ఉంటుండె. ఇప్పుడు లేదు. గంతే."

లేవబోతూ నేనే మాటిచ్చాను. "ఈ కథ నా నోటి నుంచి బయటికి రాదండీ."

"అయ్యో, అట్ల అనకుండ్రి," అన్నాడు, మొదటిసారి నవ్వుతూ. "గిన్నేండ్లు దాసిపెట్టిన, ఏం లాభమయింది? అందరికి చెప్పుండ్రి మేడం. యాదగిరి కథ అని చెప్పుండ్రి. పదిమందికి తెల్సినదాన్ని ఎవడు ఎత్తుకపోతడు?"

ఆ మాట మీదే ఇదంతా రాశాను. ఆ రోజు నా నంబరు తీసుకున్నాడు, నేను ఊరికి వచ్చాక ఒకసారి ఫోన్ చేశాడు. కొత్త ముగింపుతో ఇంకో నిర్మాతకి చెప్పాడట. ఒప్పుకోలేదట. "కాని చివరిదాంక విన్నడు మేడం. అయిపోయినంక గూడ జరసేపు లేవలే," అన్నాడు. ఆ గొంతులో ఉన్న సంతోషం నేను రాయలేను.

తిరుగు ప్రయాణం

పగటి రైలు. కిటికీ పక్క సీటు. నా ఎదురుగా కూతురి దగ్గరికి వెళ్తున్న ఒకావిడ. విజయవాడ రాకముందే మా ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఎవరి తాలూకా, ఏ ఊరు, ఎంతమంది పిల్లలు అన్నీ అయిపోయాయి. హైదరాబాద్‌లో ఏం చూశారని అడిగింది.

"యాదగిరిగారని ఒకాయన కథ ఒకటి విన్నానండీ," అని మొదలుపెట్టాను.

ఆయనంత బాగా నాకు ఎక్కడ వస్తుంది? అయినా కేక దగ్గర గొంతు తగ్గించాను. ఆవిడ తింటున్న జామకాయ చేతిలోనే ఉండిపోయింది. నా పక్కన ఒక పెద్దాయన విజయవాడ నుంచి పేపరు చదువుతున్నాడు. చాలాసేపటి నుంచి పేజీ తిప్పడం లేదని గమనించాను. గమనించనట్టే ఊరుకున్నాను.

లచ్చవ్వ అడ్డతోవన వస్తోంది, మీద గుడ్డ ఊగుతూనే ఉంది అనేసరికి రైలు గుడివాడలో ఆగింది. పెద్దాయన పేపరు మడిచి, సంచీ దించుకుని, మా కాళ్ళకి తగలకుండా జాగ్రత్తగా దిగిపోయాడు.

నేను మిగతాది అందుకోబోతుంటే కిటికీ ఊచల మీద చెయ్యి పడింది. ప్లాట్‌ఫారం మీద ఆయనే. సంచీ భుజాన వేసుకుని, సిగ్గుపడుతూ నిలబడ్డాడు.

"ఏమీ అనుకోకండమ్మా," అన్నాడు. "ఆ గుడ్డ ఎవరు ఊపారండీ?"

నేను గబగబా చెప్పాను. పిల్ల సంగతి, వత్తి సంగతి, కాలిన చేతుల సంగతి. ఊళ్ళోవాళ్ళు గుట్ట ఎక్కుతూ ఉండగా రైలు కూత వేసింది. కదిలింది. ఆయన ఊచలు వదలకుండా పక్కనే నడిచాడు. "మల్లయ్యా అని పిలిచారండీ, ఆయన తిరగలేదు. అప్పుడు తెలిసింది ఊరికి," అని అరిచాను. చివరి మాట కూడా అరిచాను. రైలు చప్పుడులో అది ఆయనకి చేరిందో లేదో అనుకున్నాను.

చేరింది. ఆయన ఊచలు వదిలేశాడు. దిగినవాళ్ళందరూ మెట్ల వంతెన వైపు వెళ్ళిపోతుంటే, ఆయన మాత్రం సంచీ కిందపెట్టి, రైలు పోయిన వైపే చూస్తూ అక్కడే నిలబడిపోయాడు.